ఎవరి గది వారికి: నోటుబుక్కులలో ప్రోగ్రామింగునకు ప్రత్యేక పరిసరములు

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టరాదని మన ఇండ్లలో చిన్నపిల్లలకు కూడ తెలియును. ఒక సీసాలో ముంచిన పిపెట్టును కడుగక మరియొక సీసాలో ముంచరాదని రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మొదటి సంవత్సరముననే నేర్చుకొందుము. ఈ రెండు నియమములకును మూలమైన భావమొక్కటే: ఒకరి పనిలోని అంశము మరియొకరి పనికి అంటుకొనరాదు. కంప్యూటరు ప్రయోగశాలలో మాత్రము ఈ నియమమును మనము తరచుగా మరచుచున్నాము. అక్కడ కంటికి కనబడు తడి గాని, రంగు గాని లేకపోవుటయే దీనికి కారణము కావచ్చును.

గత విద్యాసంవత్సరములో మా ప్రయోగశాలలో జరిగిన ఒక సంగతి ఈ వ్యాసమునకు ప్రేరణ. ఒక విద్యార్థిని తెలుగు, ఉర్దూ వాక్యములలోని పదముల పునరుక్తిని లెక్కించి, పటములు గీసి, మూడు నెలలు శ్రమించి ఒక జూపిటర్ నోటుబుక్కును సిద్ధము చేసినది. మౌఖికపరీక్ష నాడు పరీక్షకులు “ఇది మా యెదుట మరల నడిపి చూపుము” అనిరి. ఆమె నడిపినది. మొదటి గడిలోనే ఎర్రని అక్షరములతో దోషసూచన వచ్చినది. పటములు పాతవి తెరపై కనబడుచునే యున్నవి. క్రొత్తగా మాత్రము ఒక్క అంకెయు రాలేదు. ఈ పని ఆమె స్వయముగా చేసినదేనా యను సందేహము పరీక్షకులకు కలిగినది. సిగ్గుతో చెప్పుచున్నాము, ఒక గడియసేపు మాకును కలిగినది.

నిజమేమనగా, ముందునాటి సాయంకాలము అదే యంత్రముపై, అదే లాగిన్‌తో మరియొక విద్యార్థి తన భౌతికశాస్త్ర ప్రాజెక్టుకై నంపై అను ప్యాకేజీని క్రొత్త సంచికకు మార్చుకొనెను. అతని పని చక్కగా సాగినది. ఆమె వాడుచున్న పాండాస్ అను ప్యాకేజీ పాత సంచిక యగుటచే, క్రొత్త నంపైతో పొసగక నిలిచిపోయినది. ఇద్దరిలో ఎవరును తప్పు చేయలేదు. ఇద్దరికిని ఒకే గదిని ఇచ్చినవారము మేము. తప్పు మాది.

నోటుబుక్కు అనగానేమి?

1610వ సంవత్సరము జనవరిలో గెలీలియో దూరదర్శినితో బృహస్పతి గ్రహమును చూచి, దాని చెంతనున్న చిన్న చుక్కల స్థానములను రాత్రి వెంట రాత్రి తన పుస్తకములో గుర్తించుకొనెను. చిత్రము, తేదీ, వ్యాఖ్య, తర్కము అన్నియు ఒకేచోట నుండెను. ఆ చుక్కలు బృహస్పతి ఉపగ్రహములని ఆ పుటలే ఆయనకు తెలిపినవి. పరిశోధకుని నోటుబుక్కునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దుర్లభము. జూపిటర్ అను పేరులో ఆ స్మృతి కలదు. జూలియా, పైథాన్, ఆర్ అను మూడు ప్రోగ్రామింగు భాషల పేర్లను కలిపి కూర్చిన పేరు కూడ అదియే.

ఈ సాధనము ఒక్కనాటిలో పుట్టినది కాదు. పైథాన్ భాషను గైడో వాన్ రోసమ్ 1991లో లోకమునకు విడుదల చేసెను. 2001లో, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర పరిశోధన చేయుచున్న ఫెర్నాండో పెరెజ్ అను యువకుడు తన సౌకర్యముకొరకు ఐపైథాన్ అను చిన్న సాధనమును వ్రాసికొనెను. 2011లో దానికి బ్రౌజరులో తెరచు నోటుబుక్కు రూపము వచ్చినది. 2014లో అది పైథాన్‌కు మాత్రమే పరిమితము కాక జూపిటర్ ప్రాజెక్టుగా విస్తరించినది. ఒక విద్యార్థి తన అవసరమునకై ప్రారంభించిన పని ఇది యని మన విద్యార్థులు గుర్తింపవలెను.

నోటుబుక్కు గడులుగా విభజింపబడి యుండును. కొన్ని గడులలో వ్యాఖ్యానము, కొన్నిటిలో ప్రోగ్రాము, ప్రోగ్రాము క్రింద దాని ఫలితము ఉండును. ఇక్కడ ఒక సూక్ష్మము కలదు; దానిని గ్రహించినవారికి మిగిలినదంతయు సులభము. మనము చూచుచున్న పుట వేరు, లెక్క చేయు యంత్రభాగము వేరు. పుట కేవలము కాగితము. లెక్కచేయు భాగమునకు కెర్నెల్ అని పేరు. మనము గడిలో వ్రాసినది సందేశముగా కెర్నెల్‌కు పోవును. అది లెక్కించి ఫలితమును తిరిగి పంపును. పుటపై అది ముద్రితమగును. వంటపుస్తకము వేరు, పొయ్యి వేరు అనునట్లు. నోటుబుక్కు దస్త్రమును స్నేహితునికి పంపినచో వంటపుస్తకము పోవును గాని పొయ్యి పోదు, సరుకులును పోవు. మా విద్యార్థిని పాత పటములు కనబడుచుండగనే క్రొత్త లెక్క రాకపోవుటకు కారణ మిదియే.

తగవు ఎక్కడ పుట్టును?

పైథాన్ స్వయముగా చేయునది కొంతయే. గణితమునకు నంపై, పట్టికలకు పాండాస్, పటములకు మ్యాట్‌ప్లాట్‌లిబ్ మొదలగు ప్యాకేజీలను ఇతరులు వ్రాసి ఉచితముగా నిచ్చుచున్నారు. పిప్ అను సాధనము వానిని తెచ్చి యంత్రములోని ఒక నిర్ణీత సంచయములో ఉంచును. ఆ సంచయములో ఒక ప్యాకేజీకి ఒక సంచికకే స్థానము. క్రొత్తది వచ్చినచో పాతది తొలగిపోవును.

ప్యాకేజీలు ఒకదానిపై నొకటి ఆధారపడి యుండును. నంపై 2.0 సంచిక 2024 జూన్ మాసములో వెలువడినది. పాత నంపైకు అనుగుణముగా యంత్రభాషలోనికి కూర్చబడిన ప్యాకేజీలు దానితో పనిచేయజాలవు. పాండాస్ 2.2.2 సంచిక మొదలుకొని క్రొత్త నంపైతో పొందిక కుదిరినది. అంతకు పూర్వపు పాండాస్ ఉన్నచోట నంపైను మాత్రమే మార్చినచో పని ఆగును. పిప్ ఒక్కొక్కప్పుడు హెచ్చరించును గాని, ఆపదు. హెచ్చరికను చదువువారెందరు?

మన కళాశాల విద్యార్థులకు మరియొక విశేషము కలదు. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగు లిపి. దాని అక్షరములు స్థానమునుబట్టి రూపము మార్చుకొనును. పటములపై ఉర్దూ పేర్లు సరిగా కనబడుటకు అక్షరముల రూపము కూర్చునట్టి, దిశను సరిచేయునట్టి చిన్న ప్యాకేజీలను చాలమంది అదనముగా వాడుదురు. వాక్యవిశ్లేషణకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారి స్టాంజా అను ప్యాకేజీ కలదు; దానికి తెలుగును, ఉర్దూయును రెండును తెలియును. అయితే అది పైటార్చ్ అను పెద్ద ప్యాకేజీపై ఆధారపడినది. ఇట్లు రెండు భాషలతో పనిచేయు మన విద్యార్థికి సరుకులు ఎక్కువ. సరుకులెక్కువైనకొలది తగవునకు అవకాశమెక్కువ.

ప్రత్యేక పరిసరము

దీనికి విరుగుడు వర్చువల్ ఎన్విరాన్మెంటు. ‘ప్రత్యేక పరిసరము’ అని మేము వ్యవహరించుచున్నాము. విద్యార్థులకు చెప్పునప్పుడు ‘గది’ అందుము. 2007లో ఇయాన్ బికింగ్ వర్చువల్ఎన్వ్ అను సాధనమును వెలువరించెను. ఆ పద్ధతి ఎంత ఉపయుక్తమైనదనగా, 2012లో వచ్చిన పైథాన్ 3.3 సంచికలో వెన్వ్ అను పేరుతో అది భాషలోనే భాగమయ్యెను.

గది యనగా నిజమునకు ఒక ఫోల్డరు మాత్రమే. దానిలో మూడు వస్తువు లుండును: పైథాన్‌కు దారిచూపు ఒక చిన్న ప్రతి లేక సూచిక, ప్యాకేజీలు చేరు ప్రత్యేక సంచయము, అసలు పైథాన్ ఎక్కడ నున్నదో తెలుపు చిన్న చీటీవంటి దస్త్రము. ఆ గదిలోని పైథాన్‌ను పిలిచినచో అది తన సంచయమునే చూచును. ప్రక్కగదిలో ఏమున్నదో దానికి పట్టదు. ఖాళీ గది కొద్ది మెగాబైట్లే ఆక్రమించును. స్థలమును తినునవి అందులో మనము చేర్చు ప్యాకేజీలు.

ఒక అపోహను ఇక్కడనే తొలగింపవలెను. ఇది గదియే గాని కోట కాదు. ఈ గదిలో నడచు ప్రోగ్రాము యంత్రములోని ఇతర దస్త్రములను చదువగలదు, చెరపగలదు కూడ. వేరుపడునవి ప్యాకేజీలు మాత్రమే. తెలియనివారు పంపిన ప్రోగ్రామును “గదిలో నడుపుచున్నాము గదా” యని నిర్భయముగా నడుపరాదు.

నిర్మాణ విధానము

ఆజ్ఞలను ఇక్కడ ఉచ్చారణనుబట్టి తెలుగు లిపిలో నిచ్చుచున్నాము. యంత్రముపై ఆంగ్లాక్షరములతోనే టైపు చేయవలెను.

మొదటిది: ప్రాజెక్టునకు ఒక ఫోల్డరు చేసికొని, టెర్మినల్‌లో దానిలోనికి పోయి గదిని కట్టవలెను.

పైథాన్ -ఎమ్ వెన్వ్ భాష

ఇందులో ‘భాష’ యనునది మనము గదికి పెట్టిన పేరు. ఏ పేరైనను పెట్టవచ్చును.

రెండవది: గదిలో ప్రవేశింపవలెను. విండోస్‌లో గది పేరు, స్క్రిప్ట్స్, యాక్టివేట్ అను మూడింటిని వరుసగా వెనుకకు వాలిన గీతలతో కలిపి వ్రాయవలెను. లినక్స్‌లో ‘సోర్స్’ అను మాట వ్రాసి, ఖాళీ విడిచి, గది పేరు, బిన్, యాక్టివేట్ అనువానిని ముందుకు వాలిన గీతలతో కలుపవలెను. ప్రవేశించినట్లు గుర్తుగా పంక్తి మొదట కుండలీకరణములలో గది పేరు కనబడును.

మూడవది: కావలసిన సరుకులను తెచ్చుకొనవలెను. నోటుబుక్కుతో సంధానమునకై ఐపీకెర్నెల్ అను ప్యాకేజీ తప్పనిసరి.

పైథాన్ -ఎమ్ పిప్ ఇన్‌స్టాల్ ఐపీకెర్నెల్ పాండాస్ మ్యాట్‌ప్లాట్‌లిబ్

నాలుగవది: ఈ గదిని జూపిటర్‌కు పరిచయము చేయవలెను.

పైథాన్ -ఎమ్ ఐపీకెర్నెల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ భాష

ఈ ఆజ్ఞ చేయునది స్వల్పము: ‘భాష’ అను కెర్నెల్ కోరినప్పుడు ఏ గదిలోని పైథాన్‌ను పిలువవలెనో ఒక చిన్న దస్త్రములో వ్రాసి పెట్టును. గుమ్మమునకు నామఫలకము కట్టుట వంటిది.

ఐదవది: నోటుబుక్కును తెరచి, కెర్నెల్‌ల జాబితా నుండి ‘భాష’ను ఎన్నుకొనవలెను. మొదటి గడిలో సిస్ అను మాడ్యూలును దిగుమతి చేసికొని, సిస్.ఎగ్జిక్యూటబుల్ అని వ్రాసి నడుపవలెను. వచ్చిన దారిలో మన గది పేరున్నచో పని సఫలము. లేనిచో మరియొకరి పొయ్యిపై వండుచున్నామని తెలిసికొనవలెను.

తరచుగా జరుగు పొరపాట్లు

ఎక్కువమంది పడు గుంట మొదటిది. టెర్మినల్‌లో గది ప్రవేశము చేసి, నోటుబుక్కు కూడ ఆ గదిలోనే నడచుచున్నదని భ్రమించుట. టెర్మినల్ ఏ గదిలో నున్నను, నోటుబుక్కు తాను ఎన్నుకొన్న కెర్నెల్‌నే అనుసరించును. “ప్యాకేజీ వేసితిమి, అయినను లేదనుచున్నది” అని వచ్చు ఫిర్యాదులలో మేము చూచినవి చాలవరకు ఇట్టివే.

రెండవది దీనికి తోబుట్టువు. గడిలో ఆశ్చర్యార్థకము పెట్టి పిప్‌ను పిలిచినచో, అది వేరొక పైథాన్‌కు చెందిన పిప్ కావచ్చును. ఆశ్చర్యార్థకమునకు బదులు శాతము గుర్తును పెట్టినచో, నడచుచున్న కెర్నెల్ గదిలోనికే సరుకు చేరును. ఒక్క గుర్తు భేదము. గంటల శ్రమ ఆదా.

మూడవది గదిని పెన్‌డ్రైవులో ఎత్తుకొనిపోవుట. గదిలోని దస్త్రములలో పూర్తి దారులు వ్రాయబడి యుండును. చోటు మారినచో అవి చెల్లవు. గదిని మోయరాదు, గదిలోని సరుకుల జాబితాను మోయవలెను.

నాలుగవది గడులను క్రమము తప్పి నడుపుట. ఇది గదుల దోషము కాదు గాని, ఫలము ఒక్కటే. ఐదవ గడిని ముందు, రెండవ గడిని తరువాత నడిపి, మధ్యలో ఒక గడిని చెరపివేసినచో, పుటపై కనబడు ఫలితము పుటలోని ప్రోగ్రాము నుండి వచ్చినది కాకపోవచ్చును. సమర్పించుటకు ముందు కెర్నెల్‌ను పునఃప్రారంభించి, అన్ని గడులను మొదటినుండి నడిపి చూడవలెను.

జాబితాయే సాక్ష్యము

సరుకుల జాబితా వ్రాయుట సులభము. గదిలో నుండగా పిప్ ఫ్రీజ్ అనిన, ప్రతి ప్యాకేజీ పేరును, సంచిక సంఖ్యయు వచ్చును. దానిని రిక్వైర్‌మెంట్స్ అను పేరుగల సాధారణ పాఠ్యదస్త్రముగా భద్రపరచి, నోటుబుక్కుతో జతచేయవలెను. పైథాన్ సంచిక సంఖ్య ఆ జాబితాలో రాదు. దానిని చేతితో వ్రాయవలెను. ఇంకొకరు క్రొత్త గది కట్టుకొని, ఆ జాబితా ప్రకారము సరుకులు తెచ్చుకొనినచో, మన పరిసరము వారి యంత్రముపై తిరిగి నిలుచును.

ఇది చాదస్తమని తలంపరాదు. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో గిట్‌హబ్ నుండి దాదాపు 14 లక్షల నోటుబుక్కులను సేకరించి పరిశీలించిరి. మరల నడుపుటకు యత్నించిన వానిలో నూటికి 24 మాత్రమే దోషము లేక చివరివరకు నడచినవి. మునుపటి ఫలితములనే తిరిగి యిచ్చినవి నూటికి 4 మాత్రమే. చదువుకొన్నవారు, వృత్తినిపుణులు వ్రాసినవాని గతి ఇది. ఇందుకు భిన్నమైన మార్గము కూడ కలదు. 2015 సెప్టెంబరు 14న లైగో పరిశోధనాలయములు గురుత్వతరంగమును తొలిసారి పట్టుకొన్నవి. 2016 ఫిబ్రవరి 11న ఆ వార్తను ప్రకటించినప్పుడు, దత్తాంశమును, దానిని విశ్లేషించు నోటుబుక్కును కూడ లోకమునకు ఇచ్చిరి. “మమ్ము నమ్ముడు” అని ఊరకొనక, “మీరే నడిపి చూచుకొనుడు” అనిరి. శాస్త్రజ్ఞుని మర్యాద యిది.

మా విద్యార్థిని సంగతికి వత్తము. ఆమె ప్రత్యేకముగా జాబితా వ్రాయలేదు. కాని నోటుబుక్కు ఆరంభములో పాండాస్, నంపై సంచిక సంఖ్యలను ముద్రించు రెండు పంక్తులు వ్రాసియుండెను; ఆ పాత ఫలితము పుటపై నిలిచియుండెను. ఆ రెండు సంఖ్యల ఆధారముతో ఆ మధ్యాహ్నమే క్రొత్త గది కట్టి, పాత సంచికలను తెచ్చి నడిపితిమి. అన్ని అంకెలును యథాతథముగా వచ్చినవి. ఉర్దూ పేర్లు కుడినుండి ఎడమకు, తెలుగు పేర్లు ఎడమనుండి కుడికి, పటముపై చక్కగా నిలిచినవి. పరీక్షకులు తృప్తిచెందిరి. ఆమె మాత్రము మాతో ఒక్క మాట అన్నది: “సార్, ఆ రెండు పంక్తులు లేకపోయి ఉంటే నా మాట ఎవరు నమ్ముదురు?” దానికి మా యొద్ద సమాధానము లేకపోయినది.

ఇతర మార్గములు

వెన్వ్ ఒక్కటియే మార్గము కాదు. 2012లో వచ్చిన కాండా అను సాధనము ప్యాకేజీలతోపాటు పైథాన్ సంచికను కూడ గదిగదికి వేరుగా ఉంచగలదు. పైథాన్ కాని ప్యాకేజీలను కూడ తేగలదు. కాని ఎక్కువ స్థలము కోరును. 2024లో వెలువడిన యూవీ అను సాధనము గదులు కట్టుటలో మిక్కిలి వేగము గలది. గూగుల్ కోలాబ్‌లో యంత్రమే గూగుల్ వారిది. ఇంట సొంత కంప్యూటరు లేని విద్యార్థికి అది వరము. అయితే అక్కడ మనము వేసిన ప్యాకేజీలు ఆ యంత్రముతో మన కూర్పు ముగియగనే మాయమగును. ప్రతిసారి మరల వేసికొనవలెను. కనుక జాబితా అక్కడ మరింత అవసరము. మొదట వెన్వ్ నేర్చినవారికి మిగిలినవి కష్టము కావు.

కమిటీ వారికి విన్నపము

ఈ పద్ధతికి ధనవ్యయము లేదు. పేర్కొన్న ప్యాకేజీలన్నియు ఉచితములు. గది కట్టుటకు యంత్రముయొక్క అధికారి పాస్‌వర్డు అవసరము లేదు. పైగా, 2023లో వచ్చిన డెబియన్ 12 మొదలగు లినక్సు వ్యవస్థలలో ఉమ్మడి పైథాన్‌లోనికి పిప్ ద్వారా సరుకు చేర్చుట అప్రమేయముగనే నిరాకరింపబడుచున్నది. గది కట్టుకొనుమనియే అవి చెప్పును.

మేము కోరునవి మూడు. మొదటిది, ప్రయోగశాలలో ప్రతి విద్యార్థికి వేరు లాగిన్. ఒకే లాగిన్‌ను అందరు వాడుచుండగా ఎవరి గదిని ఎవరైనను మార్చవచ్చును. రెండవది, ప్యాకేజీల స్థానిక నిల్వ. పిప్ డౌన్‌లోడ్ అను ఆజ్ఞతో కావలసిన ప్యాకేజీలను ఒక యంత్రములో ఒకసారి దింపుకొని, మిగిలిన యంత్రములు ఇంటర్నెట్టు లేకయే ఆ ఫోల్డరు నుండి తీసికొనునట్లు చేయవచ్చును. యంత్రములన్నిటిలో ఒకే వ్యవస్థ, ఒకే పైథాన్ సంచిక యున్న చాలును. ఇంటర్నెట్టు మందగించిన దినమున ముప్పదిమంది ఒకేమారు పైటార్చ్‌ను దింపుకొన యత్నించుట చూచినవారికి దీని విలువ తెలియును. మూడవది, ప్రాజెక్టు సమర్పణ నియమములలో ఒక పంక్తి చేర్చుట: నోటుబుక్కుతోపాటు సరుకుల జాబితాయు, పైథాన్ సంచిక సంఖ్యయు ఉండవలెను.

విద్యార్థులకు

మన ఇండ్లలో అమానత్ అను మాట వినని వారుండరు. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువును చెక్కుచెదరకుండ తిరిగి యిచ్చుట అమానత్. ఉమ్మడి యంత్రముపై పనిచేయు ప్రతివాడును తన ప్రక్కవాని శ్రమను అమానత్‌గా పొందినవాడే. మీ గది మీరు కట్టుకొనుడు. ఉమ్మడి జాడీలో తడి గరిటె పెట్టకుడు. పని ముగిసిన పిమ్మట గది ఫోల్డరును చెరపి, జూపిటర్ జాబితా నుండి దాని నామఫలకమును కూడ తొలగింపుడు. జాబితాను మాత్రము దాచుడు. ఒకనాడు ఎవరో “ఇది నీవే చేసితివా?” అని అడిగినప్పుడు, వాదింపక, మరల నడిపి చూపగలిగిన స్థితిలో ఉండుడు.

రానున్న విద్యాసంవత్సరమునుండి మా విభాగములో ప్రతి ప్రాజెక్టును తన గదిలోనే ప్రారంభింపజేయుటకు నిశ్చయించితిమి. మొదటి వారములోని రెండు తరగతులు దీనికే. సందేహములున్నవారు ఏ విభాగమువారైనను, ఏ సంవత్సరమువారైనను, ప్రయోగశాల తెరచియుండు వేళలలో రావచ్చును.